అడగకుండా వచ్చే ప్రాణం

పోయిన వారం కథలో అక్కను ఐసీయూ తలుపు దగ్గర వదిలేసి వచ్చాం. లోపల ఆమె తమ్ముడున్నాడు. లిఫ్టులు బిగించే మెకానిక్. కొత్తగా కడుతున్న ఓ ఆఫీసు భవనంలో పనిచేస్తూ పైఅంతస్తు నుంచి లిఫ్టు గోతిలో పడ్డాడు. కాళ్ళూ చేతులూ ఎక్కడివక్కడ బాగానే ఉన్నాయి, దెబ్బంతా తలలోనే. ఆ కబురు వచ్చే వేళకి అక్క తన ప్రయోగశాలలో పెద్దసారుతో వాదులాడుతోంది. అక్కడ గాజు సీసాల్లో, గోరువెచ్చని ఉప్పునీళ్ళలో, కొవ్వు బుడగలు వాటంతటవే పెరిగి రెండుగా చీలుతున్నాయి. ప్రాణం లేనిదాన్నుంచి ప్రాణాన్ని పుట్టించామని వ్యాసం రాసి లోకానికి చాటుదామని ఆయన తొందర. అది ప్రాణం కాదు, ఆ వ్యాసం మీద నా పేరు ఉండటానికి వీల్లేదని ఆమె పట్టుదల. తగవు తేలలేదు. మధ్యలో ఫోను మోగింది.

ఆ ఐసీయూ తలుపు తెరుచుకుని డాక్టరు బయటికొచ్చాడు.

ముగ్గురు ఆడవాళ్ళూ ఒకేసారి లేచారు. అక్క, తల్లి, తమ్ముడి భార్య అయిన మరదలు. డాక్టరు వాళ్ళని నిలబెట్టి మాట్లాడలేదు. వరండా చివరనున్న చిన్న గదిలోకి తీసుకెళ్ళాడు. ఆ గదిలో కుర్చీలు, ఒక గుండ్రటి బల్ల, దాని మీద కాగితపు రుమాళ్ళ పెట్టె తప్ప ఇంకేమీ లేవు. ఏడవడానికే కట్టిన గదిలా ఉంది. ఆ పెట్టె చూడగానే అక్కకి సంగతి సగం అర్థమైపోయింది.

డాక్టరు తొందరపడకుండా చెప్పాడు. కళ్ళలో వెలుతురు వేసి చూశారు, కంటిపాప కదల్లేదు. చెవిలో చల్లటి నీళ్ళు పోశారు, గొంతులో గొట్టంతో తడిమారు, ఏ ఉలుకూ పలుకూ లేదు. గాలిమిషను కాసేపు ఆపి ఛాతీ వంక చూస్తూ నిలబడ్డారు, సొంతంగా ఒక్క ఊపిరీ తీసుకోలేదు. ఇవే పరీక్షలు సాయంత్రం ఇంకో డాక్టరు మళ్ళీ చేస్తాడు. ఆయనకీ ఇదే కనిపిస్తే, చట్టం లెక్కలో అదే మరణించిన సమయం. ఆ తరవాత మిషను తీసేస్తారు.

తల్లి బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. ఏళ్ళ తరబడి టిక్కెట్టు టిక్కెట్టు అని అరిచీ అరిచీ గొంతు బొంగురుపోయింది. బస్సు ఎంత కిక్కిరిసి ఉన్నా, ఎవరు కొన్నారో ఎవరు కొనకుండా నక్కి కూర్చున్నారో మొహం చూసి చెప్పేసేది. ఇప్పుడు డాక్టరు మొహం కూడా అలాగే చూస్తోంది.

“గుండె కొట్టుకుంటోందిగా బాబూ?” అంది.

“కొట్టుకుంటోందమ్మా. మిషను గాలి ఇస్తున్నంతసేపు కొట్టుకుంటుంది.”

“అంటే ఆగలేదన్నమాట” అని ఆమె ఆ మాటను అక్కడే పట్టుకుంది. ఇంక వదల్లేదు.

 మరదలు కళ్ళజోళ్ళ దుకాణం వెనక గదిలో అద్దాలు అరగదీసే పని చేస్తుంది. కబురు తెలిసి పని మధ్యలోంచి వచ్చినప్పటినుంచీ ఇక్కడే ఉండిపోయింది. గోళ్ళ సందుల్లో అద్దాల పొడి ఇంకా తెల్లగా కనిపిస్తోంది. డాక్టరు లేచి వెళ్ళిపోతుంటే ఆయన వెనకే తలుపుదాకా నడిచి, గొంతు తగ్గించి ఏదో అడిగింది. ఆయన ఆగి, ఆమె వంక ఓ క్షణం చూసి, తనూ గొంతు తగ్గించే జవాబు చెప్పాడు. ఆ మాటలు అక్కకి వినపడలేదు. అప్పుడు పట్టించుకోనూ లేదు.

లోపలికి ఇద్దరిద్దరినే పంపుతున్నారు. ముందు తల్లీ కూతుళ్ళు వెళ్ళారు.

నోట్లో గొట్టం లేకపోతే తమ్ముడిది సెలవురోజు నిద్రే. ఛాతీ లేస్తోంది, దిగుతోంది, మళ్ళీ లేస్తోంది, అంతా కొలిచినట్టు. ఆ కొలత చూసే అక్కకి భయం వేసింది. వాడి నిద్ర ఏనాడూ అంత బుద్ధిగా ఉండేది కాదు. చిన్నప్పుడు ఒకే గదిలో పడుకునేవాళ్ళు. వాడు పెట్టే గురకకి తను దిండుతో కొట్టేది. వాడు నిద్రలోనే తిట్టి, అటు తిరిగి, మళ్ళీ మొదలుపెట్టేవాడు.

తల్లి మంచానికి కాళ్ళవైపు వెళ్ళి, దుప్పటి తొలగించి, కొడుకు పాదాలు రెండూ చేతుల్లోకి తీసుకుంది. వెచ్చగా ఉన్నాయంది. గడ్డం చూడు, తెచ్చినప్పుడు ఇంత లేదంది. పొద్దున నర్సు సూది గుచ్చితే చెంబెడు నెత్తురొచ్చిందంది. కోర్టులో సాక్షుల్ని ఒక్కొక్కరినీ పిలిచినట్టు ఒక్కొక్క గుర్తూ చూపిస్తూ పోయింది. అక్క ఓపిగ్గా విని, తనకి తెలిసింది చెప్పింది. వెంట్రుకలకీ చర్మానికీ మనిషి ఉన్నాడో లేడో తెలీదు. నెత్తురు అందినంతసేపు వాటి పని అవి చేసుకుపోతాయి. కణాలు బతికే ఉన్నాయి, వాడు మాత్రం లేడు. ఆ మాట అన్నాక తనే ఒకసారి తమ్ముడి మొహం వంక చూసింది, వాడు విన్నాడేమోనని.

తల్లి పాదాలు వదలకుండానే అడిగింది.

“మీ సీసాల్లో బుడగలకి ప్రాణం లేదంటావు. వీడికీ లేదంటావు. మరి నీ లెక్కలో ప్రాణం ఉన్నదెవరికే?”

కోపంతో అడిగిన ప్రశ్న కాదు. నిజంగా తెలుసుకుందామనే అడిగింది. అందుకే అక్క కూడా నిజంగానే జవాబు చెప్పబోయింది. పెద్దసారుకి చెప్పిందే తల్లికీ చెప్పింది. పెరిగినంత మాత్రాన ప్రాణం కాదు, ఉప్పునీళ్ళలో దారం వేలాడదీస్తే ఉప్పు గడ్డా పెరుగుతుంది. చీలినంత మాత్రానా కాదు. తల్లి పోలిక పిల్లకి అందాలి. అందడంలో ఎక్కడో చిన్న తేడా రావాలి. ఆ తేడాతో బతకగలిగినవి బతకాలి, లేనివి పోవాలి. ఏదో ఓ కాలంలో ఏ బురదనీళ్ళలోనో అలాంటి వరస ఒకటి మొదలైంది. అది తెగకుండా నడిచి నడిచి ఈ గదిలో ఉన్న మనదాకా వచ్చింది. ఆ వరసనే ప్రాణం అంటాం. బుడగల దగ్గర అది ఇంకా మొదలవలేదు.

తల్లి కొడుకు పాదాన్ని బొటనవేలితో నిమిరింది.

“అయితే ప్రాణం మనిషిది కాదు, వరసదన్నమాట. నాకింక పిల్లలు పుట్టరు. నేను పోయి ఎన్నేళ్ళయిందంటావు?”

అలాంటి చోట కూడా అక్కకి నవ్వు రాబోయింది. తమ్ముడికి వెటకారం ఎక్కడినుంచి వచ్చిందో వెతుక్కోనక్కర్లేదు. కానీ తల్లి వేలు పెట్టింది సరిగ్గా ఆ నిర్వచనంలో ఉన్న చిల్లులోనే. చదువుకున్నవాళ్ళంతా అక్కడే నీళ్ళు నములుతారు. ఒక్క కుందేలుని తెచ్చి బల్ల మీద పెడితే, ఒంటరిగా దానితో వరస సాగదు కాబట్టి దానికి ప్రాణం లేదని రాసుకోవాలి. ఈలోపు అది బల్ల మీంచి దూకి పారిపోతుంది.

“ఆ లెక్క అందరికీ కలిపి వేసిందమ్మా. ఒక్కొక్కళ్ళకి విడిగా పనికిరాదు” అంది.

“నాకున్నది ఒక్కడు. వాడికి పనికిరాని లెక్క నాకెందుకు” అని తల్లి దుప్పటి మళ్ళీ పాదాల మీదికి లాగి, అంచులు మడిచి పరుపు కిందికి దోపింది.

*

మధ్యాహ్నం భోజనాల వేళ మరదలు అక్కని మెట్ల దగ్గరికి రమ్మంది. లిఫ్టు ఉన్న ఆస్పత్రిలో మెట్లు ఎవరూ ఎక్కరు. అక్కడ కిటికీలోంచి చూస్తే కింద పెరట్లో ఉతికిన దుప్పట్లు వరసగా ఆరేసి ఉన్నాయి. గాలి లేదు. ఒక్క దుప్పటీ కదలడం లేదు.

మరదలు ఏడుస్తుందేమోనని అక్క అనుకుంది. ఆమె ఏడవలేదు. ఒక నెల కిందటి భోజనం గుర్తుచేసింది. ఆ రోజు నలుగురూ కూర్చుని తింటుండగా తమ్ముడు అక్కని ఆటపట్టించాడు, బుడగలకి పేర్లు పెట్టావా, పురుడు పోశావా అని. అప్పుడు అక్క అన్నం తినడం మాని ఓ ఉపన్యాసమే ఇచ్చింది. ఒకదాన్నుంచి ఇంకోదానికి అందేదే ప్రాణమనీ, మిగతా ఒళ్ళంతా దాన్ని మోసుకెళ్ళే సంచి మాత్రమేననీ అంది.

“అన్నారా, లేదా?” అని అడిగింది మరదలు.

“అన్నాను.”

“సంచి పోతోంది వదినా. అందులో ఉన్నది తీసి దాచొచ్చంట.”

పొద్దున డాక్టర్ని తలుపు దగ్గర ఆపి ఆమె అడిగింది అదే. చేయొచ్చు, కానీ మిషను తీయకముందే చేయాలన్నాడట ఆయన. వీర్యం తీసి చల్లగా భద్రపరిస్తే, తరవాత ఆమె కోరుకున్నప్పుడు బిడ్డ కోసం వాడొచ్చు. భార్య సంతకం, కన్నవాళ్ళలో ఒకరి సంతకం కావాలి. ఆస్పత్రి కమిటీ ఒప్పుకోవాలి. ఆ మనిషికి పిల్లల మీద కోరిక ఉండేదని ఇంటివాళ్ళు చెప్పాలి. మరదలు అప్పటికే అత్తగారి దగ్గరికి వెళ్ళింది. అత్తగారు చెవులు మూసుకుంది. వాడు లేచొస్తాడు, పిల్లల్ని వాడే కంటాడు, పోయేవాడి జేబులు వెతికినట్టు ఇప్పట్నుంచీ ఈ పనేంటి అందట. మీరు చెప్తే వింటారు, మీకు ఆ చదువు ఉంది, వచ్చి చెప్పండి అని మరదలు అక్క చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి చల్లగా, తడిగా ఉంది.

అక్క చెయ్యి విడిపించుకోలేదు.  ఆమెకి వేరే మధ్యాహ్నం ఒకటి గుర్తుకొచ్చింది.

రెండేళ్ళ కిందట తమ్ముడు పనిబట్టల్లోనే ఆమె ప్రయోగశాలకి వచ్చాడు. గ్రీజు అంటిన చేతులు వెనక్కి పెట్టుకుని, దేన్నీ తాకకుండా, ఎత్తు స్టూలు మీద కూర్చున్నాడు. నాన్న జబ్బు తనకీ వచ్చిందని చెప్పాడు. అనుమానం వచ్చి వేరే ఊళ్ళో రక్తపరీక్ష చేయించుకున్నాడు. అందులో బయటపడింది.

వాళ్ళ నాన్న దుకాణాలకి బోర్డులు రాసే ఆర్టిస్టు. ఉత్త చేత్తో గీసినా ఆయన గీత స్కేలు పెట్టి గీసినట్టుండేది. ఒకరోజు ఒక అక్షరం తోక తనంతట తనే పక్కకి ఎగిరింది. తరవాత చేతులు, కాళ్ళు, మెడ ఒకదాని వెనక ఒకటి ఆయన మాట వినడం మానేశాయి. మంచం మీద కట్టేస్తే తప్ప ఉండలేని స్థితి వచ్చింది. తల్లి డ్యూటీలో ఉంటే, బడినుంచి వచ్చిన తమ్ముడే చెంచాతో తినిపించేవాడు. సగం ఆయన నోట్లోకి, సగం వాడి చొక్కా మీదికి. కన్నవాళ్ళలో ఒకరికి ఆ జబ్బు ఉంటే, ప్రతి బిడ్డకీ అది బొమ్మా బొరుసూ వేసినట్టే.

ఇంత చెడ్డది వేల ఏళ్ళుగా ఎలా నిలిచింది అక్కా, పనికిరానివి పోతాయంటావుగా అని ఆ రోజు వాడడిగాడు. ఆమె నిజమే చెప్పింది. అది పిల్లలు పుట్టేదాకా ఆగుతుంది. ఒళ్ళు పాడయ్యేసరికి తరవాతి మనిషిలోకి దాటేసి ఉంటుంది. ప్రకృతి ఏరివేతకి అది దొరకదు. తమ్ముడు పెద్దగా నవ్వి, “టిక్కెట్టు లేకుండా ఎక్కి, అమ్మ వచ్చేలోపు ముందు స్టాపులోనే దిగిపోయే బాపతన్నమాట” అన్నాడు. నవ్వు ఆగాక, “అయితే ఈ బస్సు నా దగ్గరే ఆగిపోవాలక్కా. నేను పిల్లల్ని కనను” అన్నాడు. అమ్మకీ, భార్యకీ చెప్పనని ఆమె చేత మాట తీసుకున్నాడు. మరి నువ్వు పరీక్ష చేయించుకున్నావా అని మాత్రం అడగలేదు. ఆమె చేయించుకోలేదు. ఇప్పటికీ చేయించుకోలేదు.

ఆ మాటని ఆమె మెట్ల మీద తప్పింది. జబ్బు సంగతీ, వాడి నిర్ణయం సంగతీ, ఏదీ దాచకుండా చెప్పేసింది.

మరదలు మెల్లగా మెట్టు మీద కూలబడింది.  ఆయనకి తెలిసి ఎన్నాళ్ళయిందని అడిగింది. రెండేళ్ళని అక్క చెప్పింది.

“రెండేళ్ళు” అంది మరదలు. “పిల్లల మాటెత్తితే ఇల్లు కొన్నాక అనేవాడు. ఇల్లు కొన్నాం, అప్పుడు జీతం పెరిగాక అన్నాడు. ఇంకెవరైనా ఉన్నారేమో అనుకున్నాను వదినా. నిద్రపోతుంటే ఫోను వెతికాను. ఎవరూ లేరు. ఎవరైనా ఉన్నా బాగుండేది, తిట్టుకోడానికి.”

ఆయన పడింది కూడా ఆ జబ్బు వల్లేనా అని తరవాత అడిగింది. అక్కకి తెలీదు. పక్కన పనిచేస్తున్నతను చెప్పిన మాట మాత్రం మనసులో ముల్లులా ఉంది. నిచ్చెన మీద ఉండగా కాలు దానంతటదే ఎగిరినట్టయిందన్నాడు. జారి ఉండొచ్చు. నూనె మరక ఉండొచ్చు. అక్క తెలీదనే అంది.

కింద ఎవరో వచ్చి ఆరిన దుప్పట్లు తీసి మడత పెట్టడం మొదలుపెట్టారు. అక్క మరదలి పక్కన కూర్చుని చెప్పాల్సింది చెప్పింది. జబ్బుకి దారి లేకపోలేదు. పిండాలకి ముందే పరీక్ష చేసి, జబ్బు లేనిదాన్ని కడుపులో పెట్టే పద్ధతి వచ్చింది. తన బాధ జబ్బు గురించి కాదు.

“వాడు వద్దన్నాడు. బాగా ఆలోచించుకుని, నా ఎదురుగా కూర్చుని వద్దన్నాడు. నోరు లేనప్పుడు వాడి ఒంట్లోంచి తీసుకోవడం నా వల్ల కాదు.”

మరదలు తలెత్తింది. ఆమె గొంతు పెరగలేదు.

“ఆయన నన్ను అడక్కుండా నిర్ణయించాడు. నాకు పిల్లలు వద్దని, నాకు చెప్పకుండా, నా తరఫున కూడా ఆయనే తేల్చేశాడు. ఇప్పుడు నేను ఆయన్ని అడక్కుండా నిర్ణయిస్తే అది తప్పెలా అవుతుంది?”

“వాడు నీ ఒంట్లోంచి ఏమీ తీసుకోలేదు కదమ్మా.”

“తీసుకున్నాడు వదినా. రెండేళ్ళు తీసుకున్నాడు. మీకూ తెలుసు, మీరూ ఊరుకున్నారు.”

 మరదలు కొంగుతో మొహం తుడుచుకుని లేచి, ఐసీయూ వైపు నడిచింది. అక్క వెనకే వెళ్ళింది.

*

తల్లి ఐసీయూ బయట ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. మరదలు ఆమె ముందు నేల మీదే కూర్చుంది. కోడలు అత్తగారికి చెప్పే పద్ధతిలో కాకుండా, తోటి ఆడమనిషికి చెప్పినట్టు, మామయ్య జబ్బు ఆయనకీ వచ్చిందట అత్తయ్యా, అందుకే పిల్లలు వద్దనుకున్నాడట అని చెప్పింది. అక్క తలుపు వంక చూస్తూ నిలబడింది. తల్లి గుండెలు బాదుకుంటుందనుకుంది. ఇంక సంతకం మాట ఎత్తనే ఎత్తదనుకుంది.

తల్లి ఏమీ బాదుకోలేదు. ఒళ్ళో చేతులు అలాగే ఉన్నాయి.

“మీ నాన్న గీత వంకర పోయేనాటికి వీడు నా కడుపులో ఉన్నాడు” అంది కూతురితో. “అప్పటి డాక్టరు నన్ను ఒక్కదాన్నే కూర్చోబెట్టి చెప్పాడు. ఇది పిల్లలకీ వస్తుంది, ఇంకా వ్యవధి ఉంది, తీయించుకోమన్నాడు. మీ నాయనమ్మ కూడా అదే అంది. నేను ఇంటికొచ్చి రెండ్రోజులు డ్యూటీ మానేసి పడుకున్నాను. మూడో రోజు లేచి బస్సెక్కాను. ఎవరికీ ఏమీ చెప్పలేదు.”

అక్కకి ఈ సంగతి తెలీదు. తల్లికి ఏమీ తెలీదనే ఇన్నాళ్ళూ తనూ తమ్ముడూ దాచుకున్నారు. తల్లి వాళ్ళకంటే ముందునుంచీ దాస్తోంది. పిల్లలిద్దరి చేతుల వంక, అన్నం కలుపుతున్నప్పుడు, బూట్ల లేసులు కట్టుకుంటున్నప్పుడు, ఆమె ఎందుకంత చూస్తూ ఉండేదో అక్కకి ఇప్పుడు తెలిసింది. ప్రేమ అనుకునేది. ప్రేమే. కానీ ఉత్త ప్రేమ కాదు.

“ఆ డాక్టరు మాట విని ఉంటే ఇవాళ నాకు ఏడుపు ఉండేది కాదు” అంది తల్లి. “వాడూ ఉండేవాడు కాదు. ఊళ్ళో లిఫ్టులన్నీ బాగుచేసి, అందర్నీ నవ్వించి, ఈ పిల్లని ఏరి కోరి చేసుకుని, వాడు బాగానే బతికాడే. ఎందుకు కన్నావని ఒక్కనాడూ అడగలేదు నన్ను.” ఆమె కోడలి తల మీద చెయ్యి వేసింది. “నేను సంతకం పెడతా.”

ఇందాకటిదాకా కొడుకు లేచొస్తాడన్న మనిషి. ఆ ఒక్క మాటతో కొడుకు లేడని ఒప్పుకుంది. ఆ సంగతి ముగ్గురికీ అర్థమైంది. మరదలు అప్పుడు ఏడ్చింది. పొద్దుట్నుంచీ పట్టి ఉంచిందంతా అత్తగారి మోకాళ్ళ మీద వదిలేసింది.

అక్క మాత్రం ఒప్పుకోలేకపోయింది. తనకి ఇష్టం లేదని వాడు చెప్పాడు కదమ్మా, వాడి మాటకి విలువ లేదా అంది. 

“పుట్టబోయేవాళ్ళని ఎవరడిగారే? నిన్ను అడిగి కన్నానా? నువ్వు చెప్పే ఆ బురదనీళ్ళ దగ్గర్నుంచి ఇప్పటిదాకా ఎవరైనా ఎవర్నైనా అడిగి పుట్టించారా?”

“పుట్టేవాళ్ళని అడగడానికి వాళ్ళు ఉండరు. వీడు ఉన్నాడమ్మా, నోరు తెరిచి చెప్పాడు.”

తల్లి కూతురి మొహంలోకి చూసింది, టిక్కెట్టు కొనని మనిషి మొహంలోకి చూసినట్టు.

“ఉన్నాడా? పొద్దున లేడన్నావు.”

అక్క గోడ పక్కన ఖాళీ కుర్చీలో కూర్చుంది. లోపలి మిషను శబ్దం తలుపు సందులోంచి వినిపిస్తోంది. వాడి పాదాల వేడినీ, గడ్డాన్నీ, నెత్తురునీ ఒక్కొక్కటే కొట్టిపారేసింది తనే. ఏ నిర్వచనంలోనూ ఇమడని వాడి మాట ఒక్కటి మిగిలింది. అది ఉన్నదీ తన చెవుల్లోనే. తను నోరు మూసుకుంటే వాడు పూర్తిగా పోయినట్టు. నోరు విప్పితే ఈ ఇద్దరికీ ఇంకేమీ మిగలనట్టు.

*

రెండో పరీక్షకి ముందే కమిటీ వాళ్ళు పిలిచారు. మళ్ళీ అదే చిన్న గది. ఈసారి డాక్టరుతో పాటు ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. ఆవిడ లాయరట. జుట్టు తెల్లగా, చూపు మెత్తగా ఉంది. మీ బాధలో మిమ్మల్ని ఇవన్నీ అడగాల్సి వస్తున్నందుకు ఏమీ అనుకోవద్దని ముందే చెప్పుకుంది. అతను తన మాట తను చెప్పుకోలేడు కాబట్టి, అతను ఉండి ఉంటే ఏమనేవాడో మీరే నాకు చెప్పాలంది. ఒకరు చెప్పింది చాలదు, దగ్గరవాళ్ళందర్నీ ఒకరి తరవాత ఒకర్ని అడుగుతానంది.

“ఆయనకి పిల్లలు కావాలని ఉండేదా?”

మరదలు ఉండేదని చెప్పింది.  తరవాత వదిన వంక తిరగలేదు.

తల్లి కూడా ఉండేదంది. బొంగురు గొంతు ఎక్కడా తడబడలేదు. ఇంట్లో పసిపిల్లలు తిరుగుతుంటే బాగుంటుందని అనేవాడని కూడా కలిపింది. డాక్టరు ఆ మాట రాసుకున్నాడు.

లాయరమ్మ అక్క వైపు తిరిగింది. మీరు అతనికి అక్క, పైగా ఈ విషయాలు తెలిసినవారు, మీతో చెప్పుకునే ఉంటాడు అంది. ఆవిడ తొందరపెట్టలేదు. ఎంతసేపైనా ఆగుతానన్నట్టు చేతులు కట్టుకుని కూర్చుంది.

“మీతో ఎప్పుడైనా ఏమైనా అన్నాడా అమ్మా?”

అక్క బల్ల మీద రెండు చేతులూ పరిచి పెట్టుకుంది. తమ్ముడి నవ్వు చెవుల్లో వినిపించింది. చెప్పేద్దామనే నిశ్చయించుకుంది. గాలి పీల్చుకుంది. సరిగ్గా అప్పుడు ఆమె ఎడమచేతి చిటికెన వేలు, ఆమె కదపకుండానే, ఒక్కసారి పైకి ఎగిరి పడింది.

లాయరమ్మ గమనించలేదు. డాక్టరు కాగితం వంక చూస్తున్నాడు. మరదలు తల దించుకునే ఉంది.

తల్లి మాత్రం చూసింది.